కిస్తు లేని బండి

నేను పది టైర్ల లారీని. అశోక్ లేలాండ్ టారస్‌ని. 2003లో హోసూరు ఫ్యాక్టరీలో పుట్టాను. హోసూరు రోడ్డు మీద రోజూ వేల లారీలు పోతుంటాయి గానీ, పుట్టిన ఊళ్లోనే బతుకు వెళ్లదీస్తున్నవి నాలాంటివి తక్కువ. మా కంపెనీ 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ అనే పేరుతో మొదలైంది. అప్పట్లో ఆస్టిన్ కార్లు బిగించేది. 1955లో లేలాండ్ పేరు కలిసింది. 1980లో హోసూరుకు వచ్చింది. రాగులు, అనపకాయలు పండే మా మొరసునాటి చేలలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ షెడ్లు లేచిన కాలం అది. నేను పుట్టేనాటికి కృష్ణగిరి జిల్లా కూడా లేదు. హోసూరు ధర్మపురి జిల్లాలో ఉండేది. 2004 ఫిబ్రవరిలో జిల్లా విడగొట్టారు. కాబట్టి వయసులో నేను మా జిల్లాకు అక్కనో అన్ననో అవుతాను.

ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు నాకు ఒళ్లు లేదు. రెండు పొడవాటి ఇనుప పట్టీలు, ఆరు సిలిండర్ల ఇంజను, ముందు ఒక రేకు ముఖం, స్టీరింగు, చక్రాలు. అంతే. తలుపుల్లేవు, పైకప్పు లేదు. చాసిస్ డ్రైవర్లని ఒక జాతి ఉంటుంది, వాళ్లను మీరు చూసే ఉంటారు. ఉత్త చాసిస్ మీద చెక్క సీటు వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని ఎండకూ వానకూ ఎదురు పోతుంటారు. బండిని అప్పజెప్పి, సంచి భుజాన వేసుకుని బస్సెక్కి వెనక్కొస్తారు, మళ్లీ ఇంకో చాసిస్ ఎక్కడానికి. నన్నూ ఒకాయన అట్లాగే కృష్ణగిరి, ధర్మపురి, సేలం మీదుగా నామక్కల్‌కు తోలుకుపోయాడు. రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఎన్నో బళ్లను మొదటిసారి రోడ్డెక్కించిన ఆయనకు సొంతానికి సైకిలైనా ఉందో లేదో.

నామక్కల్లో నాకు ఒళ్లు కట్టారు. లారీ బాడీలు కట్టడంలో ఆ ఊరికి దేశమంతా పేరు. వడ్రంగులు క్యాబిన్‌కు చెక్క చట్రం బిగించి రేకు తొడిగారు. డ్రైవరు వెనక పడుకోవడానికి బల్ల, దేవుడి పటానికి చిన్న గూడు, తలుపుల మీద తామరపూలు. నుదుటి మీద మాత్రం మా హోసూరు కొండమీది చంద్రచూడేశ్వరుడి పేరు రాయించాడు మొదటి ఓనరు.

ఆ మొదటి ఓనరు గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఆయనకు నాలాంటి బళ్లు చాలా ఉండేవి, నా నంబరు కూడా ఆయనకు నోటికి రాదు. నేషనల్ పర్మిట్టు మీద నాసిక్ ఉల్లిగడ్డలకు, గుజరాత్ టైల్సుకు, కలకత్తాకు తిరిగాను. వాజపేయి హయాంలో మొదలైన స్వర్ణ చతుర్భుజి పనులు జోరుగా సాగుతున్న రోజులవి. బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి, రాణిపేట మీదుగా చెన్నై పోయే దారి అందులోదే. ఒకపక్క రోడ్డు తవ్వుతుంటే ఇంకోపక్క దుమ్ములో నడిచేవాణ్ని. నా ఎయిర్ ఫిల్టరు ఆ దుమ్మునంతా మింగింది. ఓవర్‌లోడు కూడా అప్పుడే మోశాను. నా మొత్తం బరువు లోడుతో కలిపి 25 టన్నులు దాటకూడదని కాగితం మీద ఉండేది. కాగితం డ్యాష్‌బోర్డులో ఉండేది, లోడు వెనక ఉండేది, ఆ రెండూ ఒకదాన్నొకటి చూసుకునేవి కావు. 2005లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక కొంత తగ్గింది. నా కమాను కట్టల్లో మొదటి పట్టీ విరిగింది మాత్రం ఆ కాలంలోనే.

చెక్‌పోస్టుల సంగతి ఈ కాలం పిల్లలకు తెలియదు. హోసూరు సరిహద్దు జూజువాడి దగ్గర అమ్మకం పన్ను కాగితాలు చూపించడానికి బళ్లు రాత్రంతా వరసగా నిలబడేవి. మద్రాసు రాష్ట్రంలో అమ్మకం పన్ను తెచ్చింది 1939లో, రాజాజీ ప్రభుత్వం. దేశంలో అట్లాంటి సాధారణ అమ్మకం పన్ను అదే మొదటిది. ఆ రాజాజీ పుట్టిన తొరపల్లి మా హోసూరు పక్క పల్లే. అట్లా మా ఊరి పెద్దమనిషి పెట్టిన పన్ను కోసం మా ఊరి పొలిమేరలోనే డ్రైవర్లు దోమలు కొట్టుకుంటూ కూర్చునేవాళ్లు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ వరసలు పోయాయి. టోల్‌గేటు దగ్గర చిల్లర కోసం వాదనలు 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక తగ్గాయి. ఈ రెండు మార్పుల వల్లా లారీకి టైము కలిసొచ్చిందని ఒప్పుకోవాలి. టైము కలిసొచ్చినంతగా బాడుగ పెరగలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు నన్ను నడుపుతున్నాయన, నేను అన్న అనుకునే మనిషి, మొదటి ఓనరు కాలంలో నా మీద జీతానికి ఉన్న డ్రైవరే. శూలగిరి పక్క పల్లె, ఇంట్లో తెలుగు. మేస్త్రీతో అరవం, ఆనేకల్ నుంచి వచ్చిన క్లీనరు పిల్లోడితో కన్నడం, నాతో మళ్లీ తెలుగు. మొదటి ఓనరు నన్ను అమ్మకానికి పెట్టినప్పుడు ఈయన ఇంట్లో పెద్ద రగడ జరిగింది. వాళ్లమ్మ వాకిట్లో నా ముందే నిలబడి అడిగింది.

“ఏమిరా నాయినా, జీతం వస్తా ఉండాది కదా. ఈ ముసలి బండిని కట్టుకోని ఏం చేస్తావు?”

“జీతం బండెక్కితేనే కదమ్మా. ఓనరు వేరేవాణ్ని పెట్టుకుంటే నేను యాడికి పొయ్యేది?”

కోడలి మెళ్లో గొలుసు, రెండు గాజులు కుదువకు పోయాయి. మిగతాది ఒక ఫైనాన్సు వాళ్లు ఇచ్చారు. పాత బండికి వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. కిస్తు ఒక్క నెల తప్పితే మనుషులు టీ కొట్టు దగ్గరే కాపు కాసేవాళ్లు. ఆ కిస్తులు తీరే దాకా ఆయన సరిగా నిద్రపోలేదు, నన్నూ నిలవనివ్వలేదు. వచ్చిన లోడు వచ్చినట్టు ఎత్తాడు. గిట్టని బాడుగకు కూడా పోయాడు. నెలాఖరుకు కిస్తు కట్టాలి, నిలబెడితే ఎవడిస్తాడు?

లారీల బతుకంతా ఆ ఒక్క కిస్తు చుట్టూ తిరుగుతుంది. కొత్త పది టైర్ల బండి ఇప్పుడు ముప్పై లక్షల పైమాటే. నెలకు అరవై వేలు దాటిన కిస్తు పడుతుంది. అంత కిస్తు నెత్తి మీద ఉన్నవాడు నష్టానికైనా లోడు ఎత్తుతాడు. వాడు ఎత్తిన రేటే మరునాటికి మార్కెట్టు రేటు అవుతుంది. బుకింగ్ ఆఫీసులో బెంచీ మీద కూర్చున్న అందరికీ అదే రేటు చూపిస్తారు. బాడుగలు పెరగకపోవడానికి డీజిలు, టోలు, పోలీసు అని వంద కారణాలు చెబుతారు గానీ, నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. కిస్తు తీరిపోయిన మా అన్న ఒక్కడే అప్పుడప్పుడు “ఆ రేటుకు వద్దులేప్పా” అని లేచి వచ్చేస్తాడు. ఆ రోజు నేను చింతచెట్టు కింద నిలబడతాను. చింతచెట్టు నన్ను వడ్డీ అడగదు.

లెక్క చెబుతాను, వినండి. హోసూరు నుంచి చెన్నైకి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. లోడుతో నేను లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తాను, ఎగుడొస్తే అదీ ఇవ్వను. లీటరు తొంభై రెండు రూపాయలనుకున్నా ఒక వైపు డీజిలుకే ఏడు వేలు. నేను పుట్టిన ఏడు లీటరు ఇరవై రూపాయలకు అటూ ఇటూ ఉండేది. డీజిలు మీద టోల్‌గేట్లు, బుకింగ్ కమిషను, ఎక్కించే కూలి, దించే కూలి, క్లీనరు బత్తా. బాడుగలో కొంత అడ్వాన్సుగా ఇస్తారు. మిగతాది సరుకు దించుకున్నవాడు లారీ రసీదు మీద ముద్ర వేస్తేనే, అదీ తిప్పి తిప్పి ఇస్తారు. తిరుగు లోడు దొరక్కపోతే ఖాళీగా వచ్చిన దారి ఖర్చు పోయిన దారి లాభాన్ని తినేస్తుంది. టైర్ల సంగతి ఎత్తితే అన్నకు ఆ పూట అన్నం దిగదు. పది టైర్లు, ఒక స్టెప్నీ. ముందు రెండింటికీ కొత్తవి వేస్తాడు, వెనక ఎనిమిదింటికీ రీట్రెడ్ చేయించినవి. కర్ణాటకలో డీజిలు లీటరు మీద కొన్ని రూపాయలు తక్కువున్న రోజుల్లో అత్తిబెలెలో ట్యాంకు నింపుకుని సరిహద్దు దాటని లారీ లేదు. లాభం అని చెప్పుకునేది చాలాసార్లు ఆ తేడాలోనే మిగిలేది.

2016 సెప్టెంబరు 12 గురించి చెప్పాలి. కావేరి నీళ్ల మీద సుప్రీంకోర్టు ఆ రోజు 12,000 క్యూసెక్కులు వదలమని ఆదేశించింది. మధ్యాహ్నానికే బెంగళూరు అంటుకుంది. తమిళనాడు నంబరు ప్లేటున్న బస్సులను, లారీలను తగలబెట్టారు. నేను కొబ్బరికాయల లోడుతో జూజువాడికి ఇటు పక్కే ఆగిపోయాను. ఇంకో గంట ముందు బయల్దేరి ఉంటే ఈ కథ చెప్పడానికి ఉండేవాణ్ని కాదు. రోడ్డుకు రెండు పక్కలా హోసూరు దాకా లారీలే. అటు పక్క అత్తిబెలెలో కర్ణాటక బళ్లు, ఇటు పక్క మేము. నా ముందున్న బండిలో టమోటా. మొదటి రోజు వాసన లేదు, తర్వాత బాడీ చెక్కల సందుల్లోంచి రసం కారడం మొదలైంది. ఆ డ్రైవరు కింద కూర్చుని దాన్ని చూస్తూ ఉండేవాడు, ఎవరేం చెప్పినా పలికేవాడు కాదు.

మా అన్న చెల్లెలు ఆనేకల్లో ఉంది. ఫోన్లో ఏడుస్తూ “అన్నా, ఈపక్కకి రావద్దు, బండి నంబరు చూసి కొడతా ఉండారు” అంది. అన్నాచెల్లెళ్లది ఒకే తెలుగు. బెంగళూరు కుళాయిల్లో వచ్చేదీ కావేరి నీళ్లే, హొగెనకల్ పథకం మీద మా కృష్ణగిరి జిల్లాకు వచ్చేదీ కావేరి నీళ్లే. నా ముఖం మీద రాసిన రెండక్షరాల కోసం మనుషులు అగ్గిపెట్టె తీస్తారని నాకు అప్పుడే తెలిసింది. క్లీనరు పిల్లోడు కన్నడిగుడు, వాణ్ని ఇటువైపు ఎవరైనా ఏమైనా అంటారేమోనని అన్న క్యాబిన్లోనే పడుకోబెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. శూలగిరి నుంచి అన్నం మూటలు తెచ్చి, ఏ నంబరు బండి అని అడగకుండా పంచినవాళ్లు కూడా ఉన్నారు. దారి తెరిచాక కూడా చాలా రోజులు చాలామంది డ్రైవర్లు బెంగళూరు లోడంటే తల అడ్డంగా ఊపారు. ఆ ఏడు నవంబరులో పెద్ద నోట్లు రద్దయి, దారి ఖర్చుకు నోట్లు లేక మళ్లీ నిలబడ్డాం. 2018 జులై 20 నుంచి 27 దాకా దేశమంతా లారీల సమ్మె. ఆ నిలబడటంలో కనీసం అందరమూ కలిసి నిలబడ్డాం.

అదే 2018లో నాకు పదిహేనేళ్లు నిండాయి. మల్టీ యాక్సిల్ బండికి నేషనల్ పర్మిట్టు పదిహేనేళ్ల దాకానే. రెండు యాక్సిళ్ల వాటికైతే పన్నెండే. ఆ కాగితం పోయాక నా దేశం చిన్నదైపోయింది. ఒకప్పుడు కలకత్తా పోయినవాణ్ని, ఇప్పుడు పక్కనే ఉన్న కుప్పం పోవాలన్నా తాత్కాలిక పర్మిట్టు తీయాలి. పెద్ద కంపెనీల గేట్ల దగ్గర లోపలికి పోనివ్వకముందే బండి వయసు అడుగుతారు. సిప్‌కాట్ లోడ్లు అట్లా పోయాయి.

నిజం చెప్పాలంటే అప్పటినుంచే నా బతుకు కుదురుకుంది. ఎండాకాలం మొదట్లో చింతపండు. మే నుంచి జులై దాకా మామిడి. తర్వాత కృష్ణగిరి డ్యాం కింది వరిగడ్డి, నామక్కల్ వైపు నుంచి తోటలకు కోడి ఎరువు, ఏమీ లేనప్పుడు ఇటుకా కంకరా. కోడి ఎరువు వాసన సంగతి వదిలేయండి, తార్పాలు కప్పినా పక్క బండివాడు తిడతాడు. మామిడి మాత్రం వేరు. తోతాపురి కాయ, మావాళ్లు బెంగళూరా అంటారు. కృష్ణగిరి చుట్టూ పల్ప్ ఫ్యాక్టరీల ముందు సీజన్లో ట్రాక్టర్లూ లారీలూ కిలోమీటర్ల కొద్దీ నిలబడతాయి. 2025 జూన్‌లో రేటు పడిపోయి కిలో నాలుగైదు రూపాయలకు దిగింది. ఆ నెలే చిత్తూరు జిల్లాలోకి బయటి రాష్ట్రాల తోతాపురి రాకుండా అక్కడి అధికారులు ఆపేశారు. వాళ్ల రైతుల బాధ వాళ్లది. మా పక్క రైతు మాత్రం కోత కూలీ, బాడుగా కూడా రావని కాయను చెట్టునే వదిలేశాడు. రైతు మునిగితే లారీ కూడా మునుగుతుందనే సంగతి బుకింగ్ ఆఫీసు బెంచీ మీద కూర్చుంటే తెలియదు, తోట గట్టు మీద నిలబడితే తెలుస్తుంది.

నన్ను ఇన్నాళ్లు నిలబెట్టింది నా ఇంజను. అది పాతకాలపు మెకానికల్ పంపుతో నడుస్తుంది. దారిలో డీజిలు లైనులోకి గాలి దూరి ఆగిపోయానంటే అన్నే దిగి, పైపు నట్టు వదులు చేసి, హ్యాండ్ ప్రైమరు కొట్టి, బుడగలు పోయేదాకా చూసి మళ్లీ బిగిస్తాడు. పావుగంట పని. కృష్ణగిరి మేస్త్రీ అయితే నా చప్పుడు విని ఏ నాజిలు కారుతోందో చెప్పేస్తాడు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 బళ్లు నాకన్నా శుభ్రం, నాకన్నా బలం, పొగ ఉండదు. అది కాదనను. నా వెనక స్కూటరు మీద వచ్చే పిల్లకు నా పొగ ఎంత ఇబ్బందో నాకు తెలుసు. కానీ ఆ బండి ఒక సెన్సరు పోయి మేలుమలై దిగుట్లో ఆగిపోయిందంటే, ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీ మనిషి వచ్చేదాకా డ్రైవరు రోడ్డు పక్కన రాళ్లు పేర్చుకుని కూర్చోవాల్సిందే. సొంత చేత్తో బాగు చేసుకోగలిగినంత కాలమే బండి బీదవాడి చేతిలో ఉంటుంది.

డ్రైవరు చేతిలో ఉండే ఇంకో సంగతి దిగుడు. హోసూరు మిట్ట మీద ఉంది, కృష్ణగిరి దిగువన. ధర్మపురి దాటి సేలం వైపు పోయేటప్పుడు తొప్పూరు ఘాటు ఇంకా నిలువు. అక్కడ కాసింత డీజిలు మిగులుతుందని గేరు న్యూట్రల్ చేసి వదిలేసేవాళ్లుంటారు. ఇంజను పట్టు లేని బండిని ఉత్త బ్రేకులు ఎంతసేపు ఆపుతాయి? డ్రమ్ములు కాలి వాసనొస్తుంది, తర్వాత పెడల్ తొక్కినా పట్టవు. ఆ వంపుల్లో నుజ్జయిన బళ్లను ఎన్నిసార్లు చూశానో. మా అన్న ఎక్కిన గేరులోనే దిగుతాడు. వెనకవాడు ఎంత హారన్ కొట్టినా సరే.

ఇక ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ఎనిమిదేళ్లు దాటిన బండి ఏటా ఫిట్‌నెస్ చూపించుకోవాలి. ఆ నెలంతా ఇంట్లో పెళ్లి పనుల్లా ఉంటుంది. రంగు, లైట్లు, బ్రేకు లైనింగు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, స్పీడ్ గవర్నరు, ఇన్సూరెన్సు, గ్రీన్ ట్యాక్స్. పదిహేనేళ్లు దాటిన భారీ వాహనాలకు ఫిట్‌నెస్ ఫీజు 12,500 రూపాయలని 2021 అక్టోబరులో కేంద్రం నోటిఫై చేసింది. పాత బళ్లను తుక్కుకు పంపే విధానం ఆ ఏడు ఆగస్టులోనే మొదలైంది. ఒక దళారి వచ్చి నన్ను చుట్టూ తిరిగి చూసి, ఇనుము బరువు లెక్క గట్టి రేటు చెప్పాడు. అన్న అతనికి టీ ఇచ్చి పంపేశాడు. తుక్కు విధానం తప్పని నేననను. తుక్కుకిస్తే వచ్చే డబ్బుకూ, కొత్త బండి మొదటి చెల్లింపుకూ మధ్య ఉన్న దూరం ఎవరు పూడుస్తారో మాత్రం ఆ కాగితాల్లో కనపడలేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచి పని. మే నెలలో నా ఇంజను వేడికి అన్న కాళ్లు ఎట్లా ఉడుకుతాయో నాకు తెలుసు. నా చెక్క క్యాబిన్‌కు ఏసీ రాదు. అన్న కొడుకు డిప్లొమా చదివి సిప్‌కాట్‌లో పనికి చేరాడు. లారీ నేర్చుకోనన్నాడు. అన్న బలవంతం చేయలేదు.

ఈ మధ్య మా పల్లెల కుర్రవాళ్లు కొందరు “న్నా, పాత బండి ఒకటి చూసి పెట్టున్నా” అంటూ వస్తున్నారు. అన్న చెప్పేదే నేనూ చెబుతాను. ఇంజను చప్పుడు విని మోసపోవద్దు, ఇంజను విప్పి బోరు చేయించుకోవచ్చు. కింద దూరి చాసిస్ పట్టీలు చూడండి. వెనక యాక్సిళ్ల పైన వెల్డింగు అతుకులుంటే వదిలేయండి. పాత ఫైనాన్సు ఆర్సీ మీద రద్దయిందో లేదో, ట్యాక్సు, చలాన్లు బాకీ ఉన్నాయో లేదో ఆన్‌లైన్లో చూసుకోండి. పదిహేనేళ్లకు ఇంకా ఎన్నేళ్లుందో లెక్కపెట్టండి. అన్నిటికన్నా ముందు, మీ ఊరికి ఇరవై ముప్పై కిలోమీటర్ల లోపల ఏడాదిలో ఏ నెలలో ఏ సరుకు కదులుతుందో, దాన్ని మీ బండికి ఎవరు ఎక్కిస్తారో రాసుకోండి. ఆ కాగితం నిండకపోతే బండి కొనవద్దు.